నాన్నకి ఎందుకొచ్చింది అని అడిగేవాళ్ళకి

నాన్నకి లింఫోమా అనే కాన్సర్ అని తేలిన వారంలో మా ఇంటికొచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టాక అడిగిన మొదటి మాట ఒకటే. "ఎందుకొచ్చిందంట?" మనిషి ఎలా ఉన్నాడు, అన్నం సయిస్తోందా అనేవి ఆ తర్వాత. జవాబు కూడా వాళ్ళే తెచ్చుకునేవాళ్ళు. మా పెద్దమ్మ సెల్ టవర్ అంది. ఎదురింటి బాబాయి బ్రాయిలర్ కోడి అన్నాడు, నాన్న నాటుకోడి తప్ప ముట్టడని తెలిసి కూడా. ఒకాయనైతే గొంతు తగ్గించి, "మందు అలవాటుందా అమ్మా?" అన్నాడు. ఉందండీ, నలభై ఏళ్ళుగా ఉంది, కానీ మీరనుకునే మందు కాదు అన్నాను. మాది పల్నాడు. మిరప, పత్తి. మా ఊళ్ళో మందు అంటే ముందు గుర్తొచ్చేది వీపున తగిలించుకునే పంపు.

ఇది సగం రాసి ఎప్పుడో వదిలేశాను. ఈమధ్య ఒక ఫ్రెండ్ వాళ్ళ అన్నయ్యకి ఇదే జబ్బని తెలిసి, తను రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసి "ఇది రక్తసంబంధంలో వస్తుందా, నాకూ వస్తుందా" అని ఏడ్చింది. అందుకని మళ్ళీ బయటకు తీశా. నేను డాక్టర్ని కాదు. ఆస్పత్రి బెంచీల మీద కూర్చుని చదివిందీ, డాక్టర్లని విసిగించి తెలుసుకున్నదీ రాస్తున్నా, అంతే.

2022లో, కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్న రోజుల్లో, నాన్న గడ్డం గీసుకుంటూ చెవి కింద బిళ్ళ కట్టిందన్నాడు. గోళీకాయంత, నొప్పి లేదు. "ఈ వయసులో గవదబిళ్ళలా?" అని అమ్మ నవ్వింది. ఆయనకి అప్పుడు యాభై ఎనిమిది. నెల తిరిగేసరికి అది నిమ్మకాయంత అయింది. టౌన్‌లో ఒక డాక్టరుగారు సూదితో గుచ్చి పరీక్షకి పంపారు, రిపోర్టు అటూ ఇటూ కాకుండా వచ్చింది, టీబీ బిళ్ళలు మొదలుపెట్టేశారు. అక్కడిదాకా నేను తప్పుపట్టను, మన దగ్గర మెడలో గడ్డలకి టీబీ చాలా మామూలు కారణం, వెనకటికి గండమాల అనేవాళ్ళు దాన్నే. కానీ మూడు నెలలు మింగినా గడ్డ తగ్గకపోగా చంకలో ఇంకోటి లేచాక కూడా "కోర్సు పూర్తి కానీండి" అన్నారు చూడండి, అది మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు. సూది పరీక్షకి లింఫోమా చాలాసార్లు దొరకదని, గడ్డని మొత్తంగానో పెద్ద ముక్కగానో కోసి తీసి చూడాలని మాకు ఆలస్యంగా తెలిసింది.

చెమటల సంగతి కూడా అంతే. రాత్రిపూట బనియను పిండితే కారేంత చెమట పట్టడం ఈ జబ్బుకి పెద్ద గుర్తట. మా ఊరు రెంటచింతలకి దగ్గర. ఎండాకాలం వస్తే ఆ ఊరి పేరు టీవీలో ఎందుకు చెబుతారో మీకు తెలిసే ఉంటుంది. అక్కడ మే నెలలో రాత్రి చెమట పట్టిందని ఎవడైనా డాక్టరు దగ్గరికి పోతాడా? ఆరు నెలల్లో బరువు పదో వంతు తగ్గడం ఇంకో గుర్తు. కోతల కాలంలో నాన్న ఏటా తగ్గేవాడే, ఎవరం పట్టించుకోలేదు.

చివరికి హైదరాబాదులో గడ్డ తీసి చూస్తే డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా అని వచ్చింది. మన దేశంలో ఎక్కువగా కనిపించే రకం ఇదే. ఒంట్లోకి దూరిన క్రిములతో పోరాడే తెల్లకణాల్లో లింఫోసైట్లని ఒక జాతి ఉంది, వాటిలో ఒకటి దారి తప్పి ఆపకుండా పిల్లలు పెట్టుకుంటూ పోవడమే లింఫోమా. ఒక్క జబ్బు కాదు, ఎనభైకి పైగా రకాలున్నాయి. 1832లో లండన్ గైస్ ఆస్పత్రిలో పనిచేసిన థామస్ హాడ్జ్‌కిన్ వర్ణించిన రకం ఒక పాయ, మిగతావన్నీ కలిపి నాన్ హాడ్జ్‌కిన్. హాడ్జ్‌కిన్ ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళకి ఎక్కువ, మళ్ళీ యాభై అయిదు దాటాక ఎక్కువ. నాన్ హాడ్జ్‌కిన్‌లో ఎక్కువ రకాలు వయసుతో పెరుగుతాయి, ఆడవాళ్ళకంటే మగవాళ్ళకి కొంచెం ఎక్కువ. కాబట్టి "లింఫోమా ఎందుకొస్తుంది" అనేది "జ్వరం ఎందుకొస్తుంది" లాంటి ప్రశ్న. ఏ జ్వరం అని ముందు అడగాలి.

కీమో మొదలుపెట్టే ముందు రక్తం తీసుకుని హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవి పరీక్షలు రాశారు. హెచ్ఐవి అనేసరికి మా మేనమామకి కోపం వచ్చింది. "మా బావకి ఆ పరీక్ష ఏంటండీ?" అని కౌంటర్ దగ్గర గొడవ. నాన్న మాత్రం చెయ్యి చాపి కూర్చున్నాడు. తర్వాత అర్థమైంది, ఆ మూడూ అవమానించడానికి రాసినవి కావు. రోగనిరోధక శక్తి దెబ్బతినడం లింఫోమాకి ఉన్న కారణాల్లో అన్నిటికంటే గట్టిది. అందుకే హెచ్ఐవి ఉన్నవాళ్ళకి కొన్ని రకాలు చాలా ఎక్కువగా వస్తాయి, మందులు సరిగ్గా వాడుతుంటే ఆ ముప్పు బాగా తగ్గుతుంది కూడా. కిడ్నీ, కాలేయం మార్పిడి చేయించుకుని, కొత్త అవయవాన్ని ఒళ్ళు తిప్పికొట్టకుండా మందులు వేసుకునేవాళ్ళదీ ఇదే బాధ. ఇక హెపటైటిస్ బి దాక్కుని ఉంటే, కీమోతో పాటు ఇచ్చే రిటుక్సిమాబ్ అనే మందు ఎక్కించినప్పుడు అది మళ్ళీ లేచి కాలేయాన్ని తినేస్తుంది, అది చూసుకోకుండా ఆ మందు ఎక్కించకూడదు.

నిరోధక శక్తి తగ్గడం ఒక వైపు, దానికి రెస్టు లేకపోవడం ఇంకో వైపు. ఏదో ఒక క్రిమి ఏళ్ళ తరబడి ఒంట్లో తిష్ట వేస్తే ఈ కణాలు ఏళ్ళ తరబడి విభజన చెందుతూనే ఉంటాయి, విభజన జరిగిన ప్రతిసారీ తప్పు దొర్లే అవకాశం ఉంటుంది. హెపటైటిస్ సి అలాంటిదే, రక్తం ద్వారా అంటుకుంటుంది. మా చిన్నప్పుడు ఊళ్ళో ఒకే గాజు సిరంజి గిన్నెలో మరగబెట్టి ఊరందరికీ పొడిచేవాళ్ళు, నాకు బాగా గుర్తు. ఇప్పుడు హెపటైటిస్ సికి మూడు నెలల బిళ్ళలున్నాయి, చాలామందికి నయమైపోతుంది. ప్లీహంలో వచ్చే ఒక రకం లింఫోమా, హెపటైటిస్ సి ఉన్నవాళ్ళలో ఆ వైరస్‌కి మందు వాడగానే వెనక్కి తగ్గిన దాఖలాలున్నాయి. పొట్టలో పుళ్ళకి కారణమయ్యే హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బాక్టీరియాది ఇంకా విడ్డూరం. పొట్టలో మాల్ట్ లింఫోమా అని ఒకటొస్తుంది, తొలిదశలో ఉండి ఈ బాక్టీరియా కూడా ఉంటే, యాంటీబయాటిక్ కోర్సుతోనే చాలామందిలో కరిగిపోతుంది. కాన్సర్‌కి యాంటీబయాటిక్! ఆ బాక్టీరియాని కనిపెట్టినవాళ్ళలో ఒకరైన బారీ మార్షల్, తన మాట ఎవరూ నమ్మట్లేదని దాన్ని గ్లాసులో కలుపుకుని తాగేశాడు. 2005లో నోబెల్ ఇచ్చారు. ఇవన్నీ చదివి, మా ఇంట్లో అందరికీ హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించా, పెద్దమ్మ తిట్టుకుంటూనే చేయించుకుంది.

నాలుగో కీమో రోజు ఈ లిస్టంతా నాన్నకి చదివి వినిపించా. కీమో అంటే ఏంటో కూడా చెప్పాలి. ఇరవై ఒక్క రోజులకోసారి, మొత్తం ఆరు. అందులో ఒకటి ఎర్రగా రూహఫ్జాలా ఉంటుంది, ఎక్కించాక మూత్రం ఎర్రగా వస్తుంది (అంతకుముందు టీబీ బిళ్ళలకి నారింజ రంగులో వచ్చేది, "ఇంక పచ్చరంగు ఒక్కటే బాకీ" అనేవాడు). ఇంకోటి వింక్రిస్టిన్, మన వాకిట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసేది. అది విన్నప్పటి నుంచి అమ్మ ఆ చెట్టుకి రోజూ చెంబుడు నీళ్ళు పోస్తోంది. సరే, అంతా విని నాన్న అడిగాడు. "ఇంతకీ ఇందులో నాది ఏందమ్మాయ్?"

నా దగ్గర జవాబు లేదు. హెచ్ఐవి లేదు, హెపటైటిస్ లేదు, కీళ్ళవాతం లేదు, ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేదు. మిగిలింది మందు.

ఆస్పత్రి కాగితంలో వృత్తి అన్నచోట "వ్యవసాయం" అని రాసుకున్నారు, అక్కడితో సరి. ఒకే ఒక్క జూనియర్ డాక్టరమ్మ కుర్చీ లాక్కుని, "ఏమేం మందులు కొట్టేవాళ్ళు నాన్నగారూ?" అని అడిగింది. నాన్న వేళ్ళు మడుస్తూ చెప్పుకుంటూ పోయాడు. చిన్నప్పుడు గుడ్డసంచీలో పోసి దులిపిన బీహెచ్‌సీ పొడి. ఎండోసల్ఫాన్. మోనో, క్లోరో అని మేం పిలిచే పురుగుమందులు. ఆ తర్వాత గడ్డి మందు. బిందెలో పోసి కర్ర దొరక్కపోతే చేత్తో కలిపేవాణ్ణన్నాడు. నాజిల్‌లో నలక అడ్డంపడితే విప్పి నోటితో ఊదేవాణ్ణన్నాడు. ఆ అమ్మాయి పెన్ను ఆగిపోయింది. నాకు మాత్రం అది కొత్త కాదు, చిన్నప్పుడు నేను గట్టుమీద క్యారేజీ పట్టుకుని నిలబడితే, ఆయన చేను మధ్య నుంచి చొక్కా వీపుకి అతుక్కుపోయి వచ్చి, కాలవలో చేతులు ముంచి, అన్నం తినేవాడు. ఆ వాసన ఇప్పటికీ నాకు నాన్న వాసనే.

ఇక్కడ తెలిసినంత నిక్కచ్చిగా రాస్తా, ఎందుకంటే వాట్సాప్‌లో ఈ విషయం మీద తిరిగేది సగం చెత్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద కాన్సర్ కారకాలని బేరీజు వేసే సంస్థ ఒకటి ఫ్రాన్స్‌లో ఉంది. 2015లో వాళ్ళు లిండేన్‌ని మనుషుల్లో కాన్సర్ కలిగించేదిగా ఖాయం చేశారు, అదీ ప్రత్యేకంగా నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా చూసే. మన బీహెచ్‌సీ పొడిలో పురుగుని చంపేది ముఖ్యంగా ఆ లిండేనే. చీమలకని బియ్యం బస్తాల చుట్టూ చల్లిన గమాక్సిన్ కూడా ఆ బాపతే. బీహెచ్‌సీని మన దేశంలో 1997లో నిషేధించారు, లిండేన్ వాడకం 2013లో ఆగింది. అదే 2015లో మలాథియాన్, డయాజినాన్, గడ్డి మందు గ్లైఫోసేట్‌లని "బహుశా కాన్సర్ కారకాలు" అనే మెట్టులో పెట్టారు. ఈ మెట్లు చెప్పేది రుజువు ఎంత గట్టిదన్నదే, ప్రమాదం ఎంత పెద్దదని కాదు, అది గుర్తుపెట్టుకోండి. పొగాకు, సారా, సాసేజ్‌లు కూడా మొదటి మెట్టులోనే ఉన్నాయి, మూడూ ఒక్కటి కావు కదా.

గ్లైఫోసేట్ మీద కొట్లాట ఇంకా నడుస్తోంది. కాలిఫోర్నియాలో డ్వేన్ జాన్సన్ అనే ఆయన, స్కూళ్ళ ఆవరణల్లో గడ్డి మందు కొట్టే ఉద్యోగి, నాన్ హాడ్జ్‌కిన్ వచ్చి కోర్టుకెక్కితే 2018లో జ్యూరీ 28.9 కోట్ల డాలర్లు ఇమ్మంది. పైకోర్టులకెళ్ళాక అది 2 కోట్ల చిల్లరకి తగ్గింది. అమెరికా పర్యావరణ సంస్థేమో దానివల్ల కాన్సర్ వచ్చే అవకాశం లేదంటుంది. అక్కడే 54 వేలమందికి పైగా మందు కొట్టేవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించి, 2018లో ప్రచురించిన అధ్యయనంలో మొత్తం మీద సంబంధం కనిపించలేదు. మరుసటి ఏడాది ఇంకో బృందం ఆ అధ్యయనాన్ని కూడా కలిపి, అన్నిటికంటే ఎక్కువ మందు తగిలినవాళ్ళని మాత్రం వేరు చేసి చూస్తే వాళ్ళలో నాన్ హాడ్జ్‌కిన్ 41 శాతం ఎక్కువని తేల్చింది. మన దగ్గర 2022 అక్టోబరులో, సరిగ్గా నాన్న కీమోలో ఉండగా, గ్లైఫోసేట్‌ని శిక్షణ ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళు తప్ప ఎవరూ కొట్టకూడదని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మా వైపు కొట్లో అడిగితే ఇప్పటికీ కవర్లో చుట్టి ఇస్తారు.

ఆ 41 శాతం అనే అంకె నన్ను చాలా రోజులు తినేసింది. మా తమ్ముడు తేలిగ్గా అన్నాడు, "అక్కా, మరి ఊళ్ళో అందరికీ రాలేదేం? పెదనాన్న నాన్నకి రెట్టింపు కొట్టాడు, ఎద్దులా ఉన్నాడు" అని. వాడి మాటా నిజమే. లెక్క కోసం అనుకుందాం, లక్షమందిలో ఏడాదికి పదిమందికి వచ్చే జబ్బు అనుకోండి. 41 శాతం పెరిగితే పద్నాలుగు. లక్షమందిలో 99,986 మంది ఎద్దులా ఉంటారు. ఆ పద్నాలుగు మందిలో మందు వల్ల వచ్చిన నలుగురు ఎవరు, ఎలాగూ రావాల్సిన పదిమంది ఎవరు? ఏ స్కానూ చెప్పదు, ఏ బయాప్సీ చెప్పదు, ఆ ముక్కల మీద పేర్లు రాసి ఉండవు. రిస్క్ ఫ్యాక్టర్ అన్నది గుంపు గురించి చెప్పే మాట. మనం అడిగేది ఒక మనిషి గురించి. నాన్న పదిమందిలో వాడా, నలుగురిలో వాడా అని అడిగితే పెద్ద డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నేను చెప్పలేనమ్మా, చెప్పగలనన్నవాణ్ణి నమ్మకు" అన్నారు. ఆ మాటకి నాకు కోపం వచ్చింది, కొన్నాళ్ళకి మనసు తేలికపడింది, రెండూ నిజమే.

ఎప్‌స్టీన్ బార్ వైరస్ కథ చదివాక ఇది ఇంకా స్పష్టంగా అర్థమైంది. డెనిస్ బర్కిట్ అని ఐరిష్ సర్జన్, 1950ల చివర్లో ఉగాండాలో పిల్లల దవడలకి వస్తున్న వింత గడ్డలు చూశాడు. ఎక్కడెక్కడ వస్తున్నాయో తెలుసుకోడానికి 1961లో పాత కారేసుకుని ఆఫ్రికాలో పది వేల మైళ్ళు తిరిగాడు. చూస్తే మలేరియా ఉన్న చోటే ఈ గడ్డలూ ఉన్నాయి. ఆయన పంపిన ముక్కల్లోంచే లండన్‌లో ఎప్‌స్టీన్ బృందం 1964లో ఆ వైరస్‌ని పట్టుకుంది. మనిషిలో కాన్సర్‌తో సంబంధం ఉన్నట్టు దొరికిన మొదటి వైరస్ అది. ఇప్పుడు చూస్తే ప్రపంచంలో పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఒంట్లో అది ఉంది. నాలో ఉండే ఉంటుంది, మీలోనూ. దాదాపు అందరం దాన్ని మోస్తూ హాయిగా తిరుగుతున్నాం. అదొక్కటే చాలదు, దానికి మలేరియాలాంటి తోడు కావాలి, జన్యువుల్లో ఒక పొరపాటు కావాలి, దురదృష్టం కావాలి.

మా పిన్ని సంగతి చెప్పడం మర్చిపోయా. ఆవిడకి కీళ్ళవాతం, వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటుంది. కీళ్ళవాతం, లూపస్, నోరు కళ్ళు ఎండిపోయే షోగ్రెన్స్ లాంటి, రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బులు లింఫోమా ముప్పుని పెంచుతాయనీ, మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళలో అరుదుగా ఆ మందు వల్ల కూడా వస్తుందనీ యూట్యూబ్‌లో చూసి, ఎవరికీ చెప్పకుండా బిళ్ళలు ఆపేసింది. రెండు నెలల్లో వేళ్ళు వంకర్లు. వాళ్ళ డాక్టరు కేకలేశారు, ముప్పు ముఖ్యంగా అదుపులో లేని వాపు వల్ల, నువ్వు ఆ వాపునే పెంచుకున్నావు తల్లీ అని. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో తయారుచేసిన మందు అది, అదే మందుని కొన్ని రకాల లింఫోమాలకి వైద్యంగా ఎక్కిస్తారని చెప్తే పిన్ని నమ్మలేదు, ఆస్పత్రి కాగితం చూపించాల్సి వచ్చింది.

ఇక ఫ్రెండ్ అడిగిన ప్రశ్న. తోబుట్టువుకో కన్నవాళ్ళకో ఉంటే ముప్పు కొంచెం పెరిగే మాట నిజం, రెట్టింపులోపు అనుకోండి, హాడ్జ్‌కిన్‌లో మూడు రెట్ల దాకా. కానీ చిన్న అంకె రెట్టింపైనా చిన్న అంకే. ఇంట్లోవాళ్ళందరూ ఏటా చేయించుకోవాల్సిన స్కానింగ్ అంటూ ఏమీ లేదు, ఎవరైనా ప్యాకేజీ అమ్మితే కొనకండి. మూడు నాలుగు వారాలైనా తగ్గని నొప్పిలేని బిళ్ళ కనిపిస్తే చూపించుకోమన్నా, టీబీ బిళ్ళలు వాడినా తగ్గకపోతే కోసి తీసి పరీక్ష చేయమని నోరు తెరిచి అడగమన్నా. సెల్ టవర్‌కి, బ్రాయిలర్ కోడికి రుజువు లేదు. జుట్టు రంగు గురించి భయపడేవాళ్ళకి, 1980కి ముందు నాటి రంగులు వాడినవాళ్ళలో కొద్దిగా ఎక్కువ కనిపించింది, ఆ తర్వాత ఫార్ములాలు మారాయి. నా తల మాత్రం ఆ ఆరు నెలల్లోనే నెరిసింది, రంగు వేసుకుంటున్నా.

నాన్నకి ఆరు కీమోలూ అయ్యాక, ఒంట్లో జబ్బు ఇంకా మిగిలిందేమో చూసే పెట్ స్కాన్ శుభ్రంగా వచ్చింది, ఇప్పటిదాకా బాగున్నాడు. చేనుకి వెళ్తాడు, పంపు మాత్రం ఎత్తడు. అది తమ్ముడి వీపుకెక్కింది. నలుగురిలోనా పదిమందిలోనా అనేది తేలకపోయినా తమ్ముడి విషయంలో నేనాగలేక, హైదరాబాదు నుంచి మాస్కులూ, కళ్ళద్దాలూ, వంద గ్లవ్స్ ఉన్న డబ్బాలు నాలుగూ పంపించా. అందాయా అంటే "అందాయక్కా, భలే ఉన్నాయి" అన్నాడు.

తర్వాత కోతల టైములో ఊరెళ్తే, కల్లంలో మిరపకాయల రాశి చుట్టూ తొడిమలు తీసే ఆడవాళ్ళు, మధ్యలో అమ్మ, అందరి చేతులకీ నా నీలం గ్లవ్స్. "చేతులు మండట్లేదే అమ్మాయ్, ఇంకో రెండు డబ్బాలు పంపించవే" అంది అమ్మ. తమ్ముడేడి అంటే పై చేలో ఉన్నాడన్నారు. గట్టెక్కి చూశా. తలకి తువ్వాలు చుట్టుకుని, ఉత్త చేతుల్తో మందు కలుపుతున్నాడు. నాన్న కాస్త దూరంగా వేపచెట్టు కింద నిలబడి, "గాలి ఇటు తిరిగిందిరా, ఆపు, ఆపు" అని అరుస్తున్నాడు.